5 లీటర్ల టిల్టింగ్ గ్రైండర్: పిండి వ్యాపారానికి ఎవరికి కలిసొస్తుంది, ఎవరికి దండగ

ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముదామనుకునేవాళ్ళకి 5 లీటర్ల టిల్టింగ్ వెట్ గ్రైండర్, అంటే పిడి లాగితే డ్రమ్ము ముందుకి ఒరిగే రకం, మంచి యంత్రమే. సింగిల్ ఫేజ్ కరెంటు చాలు, వంటింటి పక్కన వరండాలో పడుతుంది, డ్రమ్ము ఎత్తి వంచే పని ఉండదు, రాయి మంచిదైతే ఏళ్ళ తరబడి నడుస్తుంది. అయినా కొన్ని ఇళ్ళల్లో అది కొన్న ఏడాదికే గోనెపట్టా కప్పుకుని మూలన కూర్చుంటుంది. తప్పు గ్రైండర్‌ది కాదు. ఎదురింటావిడ కొంటే వీళ్ళూ కొన్నారు. తమ చేతిలో ఏ పనితనం ఉంది, తమ వీధిలో ఎవరున్నారు, రోజులో తమకు ఏ గంటలు ఖాళీ అన్నది చూసుకోలేదు. అందుకని ఇక్కడ మోటారు గురించి తక్కువా, కొనేవాళ్ళ గురించి ఎక్కువా ఉంటుంది.

ముందు లీటర్ల లెక్క తేల్చుకోవాలి, ఎందుకంటే షాపులో మొదటి బోల్తా అక్కడే పడతారు. 5 లీటర్లంటే 5 లీటర్ల పిండి నిండుగా దిగుతుందని కాదు. మినపపిండి రుబ్బుతుంటే గాలి పట్టి పొంగుతుంది, డ్రమ్ము అంచు దాకా వస్తుంది. లీటరుకు పావు కిలో మినపగుళ్ళు, అదీ నానకముందు తూకం, అనుకుంటే లెక్క తప్పదు. అంటే 5 లీటర్ల డ్రమ్ములో ఒక వాయికి కిలోంపావు గుళ్ళు. అంతకు మించి పోస్తే పిండి పొత్రాల మీదుగా ఎక్కి నడిమి గొట్టంలోకి జారుతుంది, అక్కణ్ణుంచి బేరింగులోకి. మరమ్మతుకొచ్చే గ్రైండర్ల రోగం సగం అదే.

ఇక్కడే మనకో వెసులుబాటు ఉంది. తమిళనాడు పద్ధతిలో ఇడ్లీకి బియ్యం కూడా రుబ్బాలి. మన దగ్గర ఇడ్లీ రవ్వ కలుపుతాం కాబట్టి గ్రైండర్ పప్పు మాత్రమే రుబ్బితే చాలు. కిలో గుళ్ళకి 2 కిలోల రవ్వ చొప్పున కలిపితే, నానిన నీళ్ళూ రుబ్బేటప్పుడు పోసిన నీళ్ళూ కలుపుకుని సుమారు 6 కిలోల నుంచి ఆరున్నర కిలోల పిండి అవుతుంది. కిలోంపావు గుళ్ళు అరగంటలో నలిగితే 8 కిలోల దాకా ఇడ్లీ పిండి చేతికొచ్చినట్టే. నాలుగు వాయిలు వేస్తే 30 కిలోలు. కడగడం, ఒంచడం, రవ్వ కలపడం అన్నీ చూసుకున్నా మూడు గంటల్లోపు పని. ఇడ్లీ పిండి మాత్రమే అమ్మేవాళ్ళకి రోజుకు 30 కిలోల దాకా 10 లీటర్ల గ్రైండర్ అవసరమే లేదు. షాపులో ఎంత నచ్చజెప్పినా సరే.

దోశ పిండికి కథ మారుతుంది. కిలో పప్పుకి 3 కిలోల బియ్యం పోస్తాం, ఆ బియ్యం మొత్తం రుబ్బాలి. బియ్యం పొంగదు గానీ మోటారు మీద బరువు పడుతుంది. 5 లీటర్లలో వాయికి రెండు, రెండున్నర కిలోలు మించకూడదు. 30 కిలోల దోశ పిండి కావాలంటే సుమారు మూడున్నర కిలోల పప్పు, పదిన్నర కిలోల బియ్యం. అంటే ఏడెనిమిది వాయిలు, నాలుగైదు గంటలు. మీ చుట్టూ హాస్టళ్ళు, బ్యాచిలర్ గదులు ఎక్కువుంటే అమ్ముడయ్యేది దోశ పిండే. ఆ గదుల్లో ఇడ్లీ పాత్ర ఉండదు, పెనం ఉంటుంది. అలాంటి చోట 10 లీటర్లకే వెళ్ళాలి. పిల్లలున్న సంసారాలు, పెద్దవాళ్ళు ఉండే అపార్ట్‌మెంట్లయితే ఇడ్లీ పిండి వైపు మొగ్గు. గ్రైండర్ సైజు మీ ఆశను బట్టి కాదు, మీ వీధిలో వంటగదులను బట్టి తేలాలి.

ఇక కొనేవాళ్ళ సంగతి. ఈ వ్యాపారంలో పనికొచ్చే బలాలు మూడు రకాలు, మూడూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. మొదటిది చెయ్యి. పిండి వేళ్ళ మధ్య రాసి ఇంకా పలుకుందో లేదో చెప్పగలగడం, రవ్వ పిండినప్పుడు తడి ఎంత మిగిలిందో పట్టుకోగలగడం, పొంగే వాసన తేడా పడితే మూత తీయగానే కనిపెట్టడం. ఇది ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్నవాళ్ళకి ఉంటుంది, వాళ్ళకి అదొక విద్య అని తెలియదు కూడా. రెండోది కాలం పాటించడం. పప్పు నాలుగు గంటలు నానాలంటే నాలుగే, రోజూ అదే వేళకి పిండి బయటికి రావాలి. మూడోది పరిచయాలు. స్కూలు గేటు దగ్గర, డ్వాక్రా సంఘంలో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పదిమందిని పేరుపెట్టి పిలవగలిగే మనిషి.

చెయ్యి ఉండి పరిచయాలు లేనివాళ్ళు 5 లీటర్లది నిశ్చింతగా కొనొచ్చు, కాకపోతే విడిగా అమ్మే ఆలోచన మానుకుని రెండు కిరాణా కొట్లకీ ఒక టిఫిన్ బండికీ వేసుకోవాలి. లాభం తగ్గుతుంది, రోజూ సరుకు పోతుంది. పరిచయాలు ఉండి చెయ్యి లేనివాళ్ళు అసలు గ్రైండరే కొనకూడదు. ఇది చాలామందికి రుచించని మాట. పిండి బాగా రుబ్బే మనిషి దగ్గర టోకున తీసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఇళ్ళకి పంపితే వాళ్ళకి వచ్చే డబ్బు గ్రైండర్ కొన్నా రాదు. కాలం పాటించలేనివాళ్ళకి, అంటే ఇంట్లో మంచానపడ్డ పెద్దవాళ్ళుండి ఏ గంటకి ఏ పనో తెలియనివాళ్ళకి, రోజువారీ పిండి కంటే ముందు రోజు ఆర్డరు తీసుకునే ఆదివారం గారెల పిండి నయం.

బెంగళూరులో 2005లో మొదలైన ఇడ్లీ దోశ పిండి కంపెనీ ఐడీ ఫ్రెష్ ఫుడ్ సంగతి అందరూ చెబుతారు గానీ, అందులో గమనించాల్సింది వేరే. ముస్తఫా గారు, ఆయన తమ్ముళ్ళ వరస వాళ్ళు కలిసి చిన్న గదిలో మొదలుపెట్టారు. ఆ కుటుంబానికి అప్పటికే కిరాణా కొట్టు ఉంది. పిండి కవర్లు ఎవరు కొంటున్నారో, ఏ కవరు గురించి ఏమని సణుగుతున్నారో కౌంటర్ వెనక నిలబడి రోజూ చూసినవాళ్ళు వాళ్ళు. గ్రైండర్లు ఎవరైనా కొనొచ్చు, ఆ చోటు అందరికీ ఉండదు. మీకు అలాంటి చోటు ఏదో ముందు వెతుక్కోండి: హాస్టల్‌కి పాలు పోసే మరిది కావచ్చు, మెస్సు నడిపే పిన్ని కావచ్చు, స్కూలు బస్సు ఆగే మీ గేటే కావచ్చు.

పరిస్థితుల్లో లోటులా కనిపించేవి కొన్ని ఈ యంత్రానికి సరిగ్గా సరిపోతాయి. చంటిపిల్లలు ఉండి గడప దాటలేని తల్లికి అరగంట వాయి చక్కగా కుదురుతుంది. మొదటి ఐదు నిమిషాలు పప్పు కొంచెం కొంచెంగా వేస్తూ దగ్గర ఉండాలి, తర్వాత ఐదేసి నిమిషాలకి ఒకసారి వచ్చి నీళ్ళు చిలకరిస్తే చాలు. అయితే డ్రమ్ము తిరిగే చోట పిల్లలకి అందకుండా అడ్డు ఉండాలి. చీర కొంగు, చున్నీ, గాజులు బెల్టు వైపు పోకూడదు. నడుంనొప్పి ఉన్నవాళ్ళకి టిల్టింగ్ రకమే సరి. మామూలు గ్రైండర్‌లో పొత్రం ఎత్తి పక్కన పెట్టి పిండి తోడాలి. ఇందులో పొత్రం పట్టీ వదులు చేసి పిడి లాగితే డ్రమ్ము ముందుకి ఒరుగుతుంది, కింద గిన్నె పెడితే పిండి జారుతుంది. రోజుకు నాలుగు వాయిలు వేసేవాళ్ళకి ఈ ఒక్క సదుపాయానికే అదనపు ధర ఇవ్వొచ్చు.

పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళు మాత్రం ఆలోచించాలి. ఇద్దరు ఎత్తితే గానీ లేవని బరువు, తెల్లవారుజామున నాలుగింటికి నేల అదురు. కాళ్ళ కింద రబ్బరు దిమ్మలు వేస్తే అదురు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. వీళ్ళు వేళ మార్చుకుంటే గొడవుండదు: పొద్దున పదకొండింటికి నానబోసి, మూడింటికి రుబ్బి, ఆరింటికి పులవని పిండి అమ్మడం. కొన్నవాళ్ళ ఇంట్లో రాత్రంతా పులుస్తుంది. పులవని పిండి కవరు ఉబ్బదు, పగలదు, తీసుకెళ్ళడానికి తేలిక. కొత్తవాళ్ళందరికీ ఇదే మేలైన దారి.

రాయి దగ్గర తొందరపడొద్దు. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కి 2005-06లో జీఐ గుర్తింపు (ఊరి పేరుతో పేరుపడ్డ సరుకుకి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఆ పేరు నిలబెట్టింది తిరుప్పూరు జిల్లా ఊత్తుకుళి ప్రాంతపు నల్లరాయి. ఇప్పుడు ఆ పేరు చెప్పి ఏ రాయైనా అమ్ముతారు. డ్రమ్ము రాతి మీద, పొత్రం మీద గుక్కెడు నీళ్ళు పోసి చూడండి. గట్టి రాయి నీళ్ళను జారవిడుస్తుంది. మెత్తరాయి పీల్చుకుని నల్లబడి, చాలాసేపు తడిగానే ఉంటుంది. రూపాయి బిళ్ళతో తడితే ఖంగుమనాలి. డబడబమంటే లోపల నెర్రె ఉందని అనుమానించండి. ఖాళీ డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పి గీకుడు తెడ్డుకీ గోడకీ మధ్య సందు చూడాలి. ఒకచోట తగులుతూ మరోచోట వేలు పట్టేంత సందుంటే డ్రమ్ము వంకర తిరుగుతోందన్నమాట. అది తర్వాత సర్దుకోదు.

స్టీలు విషయంలో అయస్కాంతం పరీక్ష నమ్మకండి. 304 గ్రేడుకీ అంటదు, చవక 202 గ్రేడుకీ దాదాపు అంటదు. తేడా ఆరు నెలల తర్వాత ఉప్పూ పులుపూ తగిలిన చోట తుప్పుచుక్కలుగా బయటపడుతుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడం ఒక్కటే మార్గం. రాయనంటే ఎందుకో అర్థం చేసుకోవచ్చు.

కొత్త గ్రైండర్ తెచ్చిన రోజే పప్పు పోయకూడదు. నూకలు గానీ తక్కువరకం బియ్యం గానీ నానబెట్టి అరగంట చొప్పున రుబ్బి పారబోయాలి. మొదటి వాయి బూడిద రంగులో వస్తుంది. పిండి తెల్లగా వచ్చి, తెల్లగుడ్డ మీద రాస్తే ఇసక తగలనంత వరకూ ఇలా చేయాలి. మామూలుగా మూడు వాయిలకి తేలుతుంది. ఈ పని ఎగ్గొట్టి తొలి కవర్లలో రాతిపొడి పంపితే ఆ కొనుగోలుదారు మళ్ళీ రాడు, ఎందుకు రాలేదో చెప్పడు కూడా.

రుబ్బే పద్ధతి. గుళ్ళు మూడుసార్లు కడిగి నాలుగు గంటలు నానబెట్టాలి. ఆరు గంటలు దాటితే జిగురు పోయి పిండి పొంగదు. నానిన నీళ్ళు ఒంపేసి, రుబ్బడానికి ఫ్రిజ్‌లోని చల్లనీళ్ళు వాడాలి. ఎండాకాలం అయితే ఐసు ముక్కలు కలిపిన నీళ్ళే. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పిండిని వేడెక్కిస్తుంది. గ్రైండర్ డ్రమ్ము నూట చిల్లర చుట్లే తిరుగుతుంది కాబట్టి వేడి తక్కువ, గాలి ఎక్కువ పడుతుంది. ఇడ్లీ మెత్తదనం అక్కణ్ణుంచే వస్తుంది. అయినా మే నెలలో రేకుల షెడ్డు కింద రుబ్బితే రాయే వేడెక్కుతుంది, రెండో వాయికే పిండి గోరువెచ్చగా వస్తుంది. అలా వచ్చిన పిండి సాయంత్రానికే పులిసి కూర్చుంటుంది. కిలో పప్పుకి లీటరు నుంచి లీటరున్నర నీళ్ళు, అన్నీ ఒకేసారి కాదు. ముందు గుక్కెడు పోసి పప్పు నలిగాక కొంచెం కొంచెం. పాతిక నిమిషాలప్పుడు గిన్నెడు నీళ్ళలో చిటికెడు పిండి వేస్తే తేలాలి. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు. తేలాక కూడా మొత్తం అరగంట దాటించి తిప్పితే లాభం లేదు, పట్టిన గాలి పోతుంది.

రవ్వ విడిగా రెండు గంటలు నానబెట్టి, రెండు మూడు నీళ్ళు మార్చి, గుప్పిట గట్టిగా పిండి కలపాలి. ఫిర్యాదులు వచ్చేది ఎక్కువగా ఈ పిండడం దగ్గరే. ఒకరోజు గట్టిగా, ఒకరోజు వదులుగా పిండితే ఒకరోజు ఇడ్లీ రాయిలా, మర్నాడు పలకలా వస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళు సరే. ఇద్దరు ముగ్గురు చేసే చోట మాత్రం తూకం పెట్టుకోండి: 2 కిలోల పొడి రవ్వ పిండాక ఎంత తూగితే ఇడ్లీ బాగా వచ్చిందో ఒకసారి రాసుకుని, రోజూ అదే తూకానికి పిండాలి. ఉప్పు ఆరున్నర కిలోల పిండికి 80 నుంచి 90 గ్రాములు, రవ్వతో పాటు కలపాలి, రుబ్బేటప్పుడు వేయకూడదు. పులిసే వేళ మామూలు రోజుల్లో ఎనిమిది నుంచి పది గంటలు, ఎండాకాలం ఐదారు, డిసెంబరు చలిలో పన్నెండు దాటినా ఆశ్చర్యం లేదు.

గారెల పిండి దగ్గర ఈ యంత్రం కొంచెం తడబడుతుంది, ఆ మాట దాచక్కర్లేదు. నీళ్ళు దాదాపు లేకుండా రుబ్బాలి కాబట్టి పిండి గట్టిగా పొత్రానికి చుట్టుకుంటుంది, బెల్టు జారుతుంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది. వాయికి కిలో దాటకుండా, గుళ్ళు రెండు గంటలే నానబెట్టి, తెడ్డుతో తోస్తూ దగ్గరే ఉండాలి. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి ఆ ఒక్కరోజుకి వచ్చే ఆర్డర్లు చూసి పదేసి కిలోలు ఒప్పుకుంటారు. మోటార్లు కాలేది కూడా ఆ రోజే. ఒప్పుకున్నా రెండు వాయిల మధ్య పావుగంట మోటారుకి విశ్రాంతి ఇవ్వండి.

కరెంటు ఖర్చు పెద్ద లెక్క కాదు. అర హెచ్‌పీ మోటారు అరగంటకి సుమారు పావు యూనిట్ తాగుతుంది. వోల్టేజీ తక్కువైతే మాత్రం మోటారు మూలుగుతూ తిరగకుండా నిలబడుతుంది. అలా ఒక నిమిషం వదిలేసినా వైండింగుకి ముప్పే, వెంటనే స్విచ్ ఆపాలి. 15 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపకూడదు. తడి చేతులతో చేసే పని ఇది. ఇంటి మీటరు మీద వ్యాపారం చేయొచ్చా అన్నది లైన్‌మ్యాన్‌ని కాదు, కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరుని) అడగండి.

గిట్టుబాటు లెక్క మీ ఊరి ధరలతో వేసుకోవాలి. ఉదాహరణకి గుళ్ళు కిలో 140, రవ్వ కిలో 50 అనుకుంటే, కిలో గుళ్ళు, 2 కిలోల రవ్వ, ఉప్పు, కరెంటు కలిపి 250 రూపాయలు. ఆరున్నర కిలోల పిండి వస్తే కిలో 38 పడుతుంది, కవరు ఖర్చుతో 41. కిలో 65కి అమ్మితే 24 మిగులుతుంది. రోజుకు 20 కిలోలు రుబ్బి అందులో 2 కిలోలు మిగిలిపోతే ఆ రోజు లాభంలో పావు వంతుకు పైగా పోయినట్టే, ఎందుకంటే పోయింది మిగులు కాదు, పెట్టుబడితో సహా. అందుకే మొదటి నెల ఎంత రుబ్బగలరో అంత కాదు, ఎంత మంది ముందే చెప్పారో అంతే రుబ్బాలి. మిగిలిన పులిసిన పిండిని మర్నాడు ఉతప్పం, పునుగుల పిండిగా పక్క బండివాడికి ఇచ్చే ఏర్పాటు ముందే చేసుకున్నవాళ్ళకి ఈ నష్టం సగానికి దిగుతుంది.

డబ్బు చాలకపోతే ముద్ర రుణాల్లో శిశు విభాగం కింద 50 వేల దాకా ఇస్తారు, 5 లీటర్ల యంత్రానికీ ఒక ఫ్రిజ్‌కీ ఆ పరిధిలో సర్దుకోవచ్చు. కవరు కట్టి అమ్మేవాళ్ళకి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కవరు మీద నికర బరువు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, చిరునామా ఉండాలి. పులిసిన పిండి కవరుకి చిన్న గాలిరంధ్రం లేకపోతే ఉబ్బి ఫ్రిజ్‌లోనే పగులుతుంది.

రాయి శుభ్రానికి సబ్బు వద్దు. వేడినీళ్ళు, కొబ్బరిపీచు బ్రష్షు చాలు. నడిమి గొట్టం చుట్టూ, తెడ్డు వెనక అతుక్కున్న పిండి రాత్రంతా ఉంటే మర్నాటి వాయి మొత్తం దాని పులుపే పట్టుకుంటుంది. అరగంటలో నలిగే పప్పు ముప్పావుగంట పడుతుంటే ముందు బెల్టు బిగువు చూడండి, అది సరిగ్గా ఉంటే రాళ్ళు నున్నబడ్డాయని అర్థం. గంట్లు కొట్టించాలి, ఆ తర్వాత మళ్ళీ నూకలతో కొత్త గ్రైండర్‌కి చేసినట్టే చేయాలి.

కోయంబత్తూరు నుంచి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ధర కొంచెం కలిసొస్తుంది గానీ ఆయిల్ సీలు పోయినప్పుడు మన ఊళ్ళో దొరకదు. దగ్గర పట్టణంలో సర్వీసు ఉన్న షాపులో కొనడమే నయం. డెలివరీ ఇచ్చిన రోజే బెల్టు మీద నంబరు, కెపాసిటర్ మీద ఎంఎఫ్‌డీ విలువ, మోటారు ప్లేటు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి పిండి జిడ్డు పట్టి ఆ అంకెలు చెరిగిపోతాయి, అప్పుడు మెకానిక్ అంచనాగా వేసే బెల్టు నెల కూడా నిలవదు.